పిలిస్తే ఒక నూలు, కొలిస్తే మూడు

నేను ఒక ఇత్తడి నిపిల్‌ని. బండిలో పెట్రోలు పంపుకూ రబ్బరు గొట్టానికీ మధ్య కూర్చుని, అటు వచ్చిన చుక్కను ఇటు పంపించే ఉద్యోగం నాది. ఒక కొసన మరలు, రెండో కొసన నున్నటి మూతి. ఆ మరలే నా గోత్రం. మీకు సగోత్రమైతే సంబంధం కుదరదు. మాకు సగోత్రమైతే తప్ప కుదరదు. ఇంత చిన్న సంగతి మనుషులకు ఎందుకు ఎక్కదో నాకు తెలియదు.

పుట్టింది జపానులోనే అయినా నా మరలు జపాను సొంతం కావు. ఎప్పుడో ఇంగ్లండు వాళ్ళు గొట్టాల కోసం గీసుకున్న కొలతను మావాళ్ళు ముచ్చటపడి తెచ్చుకున్నారు. మీ ఇంటి కుళాయిది కూడా ఆ కుటుంబమే. అందులో నన్ను ‘ఒక నూలు’ అంటారు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. వెలుపల కొలిచి చూస్తే మాత్రం మూడు నూళ్ళ పైమాటే. లోపలి రంధ్రాన్ని చూసి పేరు పెట్టారట, ఏం చేస్తాం! పైగా బిగించేకొద్దీ కరుచుకోవాలని నన్ను కొసకు వచ్చేసరికి కాస్త సన్నగా చేశారు. అది నా ఒంటి తీరు, జబ్బు కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఒక వ్యానుతో పాటు విశాఖ రేవులో దిగాను. మొదట ఓ కంపెనీ ఆఫీసర్లను తిప్పాం, తర్వాత ఓ కాంట్రాక్టరు సిమెంటు బస్తాలు మోశాం. చివరికి కాకినాడ బీచి రోడ్డులో మిరపకాయ బజ్జీలు వేసే వరహాలమ్మ చేతిలో పడ్డాం. ముందు స్టీరింగు, వెనక పొయ్యి. మామూలు రోజుల్లో బీచి, తీర్థాలొస్తే ఊరూరా తిరగడం. “నా కొట్టుకి కాళ్ళున్నాయి” అని ఆవిడ అందరికీ చెప్పుకునేది. నాకూ గర్వంగానే ఉండేది.

ఓ సాయంత్రం బజ్జీల దగ్గర పెట్రోలు వాసన వచ్చింది. ఒకాయన కొత్త మసాలా అనుకుని ఇంకో ప్లేటు చెప్పాడు. వరహాలమ్మకు మాత్రం సంగతి అర్థమైంది. మంటకూ పెట్రోలుకూ మధ్య ఉన్నది ఒక్క రేకు. గబగబా పొయ్యి ఆర్పేసి మెకానిక్ బుల్లియ్యకు కబురు పెట్టింది.

కారుతున్నది నేను కాదు. నా మూతికి తొడిగిన రబ్బరు గొట్టం ఎండిపోయి పగిలింది. బుల్లియ్య దాని వంక చూడనైనా చూడకుండా నన్ను ఊడదీసి వెర్నియర్ పెట్టి కొలిచాడు.

“తొమ్మిదీ పాయింటు ఏడుందక్కా. పదుండాలి. అరిగిపోయింది. కొస చూడు, ఇంకా సన్నబడిపోయింది.”

“ఇత్తడి అరిగిపోద్దేటిరా, కదలకుండా కూర్చుంటే?”

“జపానోడి బండక్కా. మిల్లీమీటరు కాకపోతే ఇంకేం ఉంటాది?”

బజ్జీల కోసం వచ్చిన ప్లంబరు ఒకడు నన్ను చేతిలోకి తీసుకుని, “ఇది మా కుళాయి మరలాగుందే” అన్నాడు. “పెట్రోలు బండికి కుళాయి బిగిస్తారేటండీ బాబూ!” అని అందరూ గొల్లుమన్నారు. వాళ్ళతో పాటు ప్లంబరూ నవ్వేశాడు. నోరు లేనందుకు నాకు ఏడుపొచ్చింది.

పది మిల్లీమీటర్ల కొత్త నిపిల్ వచ్చింది. రెండు చుట్లు తిరిగి మొరాయించింది. బుల్లియ్య దానికి తెల్ల టేపు చుట్టి, సబ్బు రాసి, స్పానరుకు పైపు తొడిగి బలం కొద్దీ తిప్పాడు. పంపు మెత్తటి అల్యూమినియం. కీచుమని అరిచి, ఉన్న మరలన్నీ తెగ్గోసుకుంది.

“చూశావా, ఎంత టైటుగా ఎక్కిందో!” అన్నాడు.

ఇంజను తిప్పగానే, చుక్కలుగా కారేది ధారగా కారింది. “పాతదే పెట్టి చావరా!” అని వరహాలమ్మ అరిచింది. నన్ను మళ్ళీ పెట్టారు. ఇన్నేళ్ళు బిగువుగా ఉన్న చోట వదులుగా గిలగిల్లాడాను. అంత అవమానం నేను ఎన్నడూ ఎరగను. అలాంటి పంపు కోసం ఊరంతా వెతికినా దొరకలేదు. బుల్లియ్య ఇంకో సబ్బు ముక్క అడిగాడు.

“సబ్బుని నమ్ముకుని పొయ్యి ముందు నించోనురా నేను” అంది ఆవిడ.

టాంకు ఖాళీ చేయించింది. చక్రాలు తీయించి వ్యానును ఇటుకల మీద నిలబెట్టించింది. మళ్ళీ పొయ్యి వెలిగించబోతూ ముందు సీట్లోకెక్కి, స్టీరింగు మీద చేతులు వేసుకుని కాసేపు కూర్చుంది. తీర్థాల మాట ఆ తర్వాత ఎత్తలేదు.

ఇప్పుడు వ్యాను మీద ‘జపాన్ బజ్జీలు’ అని బోర్డుంది. బేరం బాగానే ఉంది. బుల్లియ్య అప్పుడప్పుడూ వచ్చి, “ఈ బండి లీకు ఆపింది నేనే. మళ్ళీ చుక్క కారిందేమో అడగండి” అంటాడు. నిజమే, కారలేదు. బజ్జీ కాగితాలు గుచ్చిన తీగ సముద్రపు గాలికి ఊగకుండా, నన్ను పంపులోంచి తీసి దాని కింద బరువుగా వేలాడదీశారు. మరలు ఒక్కటీ చెక్కుచెదరలేదు.

నిన్న ఓ కుర్రాడు కాగితం లాగబోయి నన్ను పట్టుకున్నాడు. “ఏంటమ్మా ఇది?”

వరహాలమ్మ చీర చెంగుతో నన్ను తుడిచింది.

“మా బండిదే బాబూ. మంచిదే, పాపం. అరిగిపోయింది.”