జనం నెత్తిన కప్పు

పైనుంచి పెచ్చు ఊడిపడి తాత అక్కడికక్కడే పోయాడు. దగ్గుకు మందు కోసం వచ్చిన ముసలాయన. సర్కారు ఆసుపత్రి ఓపీ హాల్లో, వరుసలో నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. స్ట్రెచరు వచ్చింది. తడిగుడ్డ వచ్చింది. నేల తుడిచారు. "తర్వాతెవరు?" అని మందుల కిటికీలోంచి కేక. వరుస ఒకడుగు ముందుకు జరిగింది.

జరగక ఏం చేస్తుంది? రోగం ఆగుతుందా?

పైన డాబా మీద పాత తారు పొర పెకలిస్తున్న కూలీ మనిషి గునపం కింద పెట్టేసింది. తోటివాళ్లు ఆమెను గునపమ్మ అంటారు. తన పోటుకే పెచ్చు ఊడిందని ఆమెకు తెలుసు. శ్లాబుకు పడ్డ కన్నంలోంచి తాత తెల్లజుట్టు కనపడింది కూడా.

గునపం వేసేముందు సుత్తితో తట్టి చూడాలి. ఖంగుమంటే గట్టి. డొబ్బుమంటే డొల్ల, లోపల ఊచల్ని తుప్పు తినేసిందన్నమాట. అలాంటిచోట కింద జనాన్ని ఖాళీ చేయించి, కప్పుకు కర్రలు ఆనించి, అప్పుడు పెకలించాలి. మేస్త్రీ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. కంట్రాక్టరు వింటేనా! "తట్టుకుంటూ కూచుంటే వానలొచ్చేస్తాయి. లాగిపారెయ్యండి!" అన్నాడు. లాగిపారేశారు. గునపమ్మా లాగింది.

గంట తిరక్కుండా కంట్రాక్టరు కాగితం పట్టుకొచ్చాడు.

"ఇక్కడ వేలిముద్ర వెయ్యి. వద్దన్నా నువ్వే తొందరపడ్డావని రాశాం. నాల్రోజులు లోపలుంటావు, అంతే. నేను విడిపిస్తాగా!"

"మరి హాలు ఖాళీ చేయిస్తారా అయ్యా?"

"అది నీకెందుకే? ఆసుపత్రి మూస్తే ఇంజనీరు నా నోట్లో మట్టి కొడతాడు."

"ఈ లోపల కింద జనం నోట్లో మేం కొట్టాలా?" అన్నాడు మేస్త్రీ.

గునపమ్మ వేలు చాచలేదు. మెట్లు దిగింది. వెనకే మేస్త్రీ, ఆ వెనక కూలీలంతా దిగారు.

కింద జనం కుతకుతలాడుతున్నారు. కూలీలు పనాపితే ఆసుపత్రి మూసేస్తామని సూపరింటెండెంటు అప్పటికే నిప్పు పెట్టి వెళ్లాడు. జ్వరంతో ఉన్న బిడ్డను భుజాన వేసుకున్న తల్లి ముందుకొచ్చింది.

"తాతను చంపింది నువ్వేగా?"

"నేనే అక్కా. నా గునపమే. దాచను. తట్టి చూడొద్దన్నది ఆ కంట్రాక్టరు, పొడిచింది నేను. ఇంకా ముప్పాతిక కప్పు మిగిలే ఉంది. రేపు నేను కాకపోతే ఇంకోదాన్ని తెచ్చి మీ నెత్తినే పొడిపిస్తాడు."

"ఒళ్లొంగనోళ్ల కబుర్లు!" అన్నాడు కాలికి కట్టు కట్టించుకున్న లారీ డ్రైవరు.

"అయితే విను అల్లుడూ," అని మేస్త్రీ పొడుగాటి కర్రతో కప్పును మెల్లగా తట్టాడు. ఖంగు. ఇంకో నాలుగడుగులు. ఖంగు. హాల్లో దగ్గులు కూడా ఆగిపోయాయి. వరుస నిలబడ్డ చోటికొచ్చేసరికి డొబ్బు. డొబ్బు. మందుల కిటికీ దాకా అంతా డొబ్బే. డ్రైవరు నెత్తిమీద గుప్పెడు మట్టి రాలింది.

"ఓరి వీళ్ల దుంపతెగ! మందుకొస్తే మట్టి చేస్తారా!" అని డ్రైవరు అరిచాడు.

"ఆసుపత్రి మూయడమెందుకు? బల్లలు బయటికి లాగండి. వాకిట్లో చూస్తారు," అంది తల్లి.

అంతే. కూలీదో చెయ్యి, రోగిదో చెయ్యి. బల్లలు కదిలాయి, బెంచీలు కదిలాయి, మందుల బీరువాను ఎనిమిదిమంది ఎత్తారు. చిన్న డాక్టరమ్మ కాసేపు నిలబడి చూసింది. తర్వాత తన కుర్చీ తనే మోసుకొచ్చింది.

రెండో రోగిని చూస్తుండగా పోలీసులు దిగారు. చావుకు గునపమ్మ మీద కేసు, సర్కారు పని ఆపినందుకు మేస్త్రీ మీద కేసు.

"బీరువా మోసింది నేను సార్. నన్నూ రాసుకో," అని డ్రైవరు కుంటుకుంటూ పోలీసు వ్యాన్ ఎక్కాడు.

"కంట్రాక్టరు పేరు రాసుకోరా?" అని గునపమ్మ అరిచింది. ఎస్సై లాఠీతో ఆమె మూతి మీద కొట్టాడు. నెత్తురు ఉమ్మి మళ్లీ అదే అడిగింది. తలుపు మూశారు.

మర్నాడు కంట్రాక్టరు కొత్త కూలీల్ని లారీలో దించాడు. వాకిట్లో రోగులు చుట్టూ చేరి జరిగిందంతా చెప్పారు. కూలీలు డాబా వైపు చూశారు. ఒక్కడూ మెట్టెక్కలేదు.

"ముందు ఆ ముగ్గుర్నీ తీసుకురా. హాలు ఖాళీగా ఉంచుతానని రాసియ్యి," అన్నారు. వాళ్లలో ఎవరూ గునపమ్మ మొహం ఎరగరు.

కంట్రాక్టరు ఫోను తీశాడు. "సార్, ఈసారి రెండు వ్యాన్లు పంపండి."

"నాలుగు చెప్పయ్యా," అంది బిడ్డతల్లి.