ఎండాకాలం రోగం ఎవరింట్లో కిరాయికుంది?

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద నిలబడి ఫోన్ మాట్లాడటమంటే, పెళ్లి బ్యాండు పక్కన నిలబడి చెవిలో మంత్రం చెప్పించుకోవడమే. ఆ సంగతి తెలిసి కూడా, సిగ్నల్ కోసం పోచంపల్లి చీరల షాపు సిద్ధిరాములు గడప దాటి బయటికొచ్చాడు. అటునుంచి గొర్రెలు కాచే సైదమ్మ అరిచింది.

“సేటూ! నాలుకలు నీలమైనయ్!”

పైన మెట్రో, కింద బస్సు, మధ్యన సిద్ధిరాములు చెవి. ఆ చెవిలోకి దూరేసరికి మాట కాస్తా “నాలుగు నీలామైనయ్” అయి కూర్చుంది. నీలామంటే వేలంపాట. బాటసింగారంలోని ఫాం ప్లాటులో ఆయనకున్న ఆవులు సరిగ్గా నాలుగు.

“నా ఆవులను నీలాం ఏసినోడెవడే?” అని ఆయన అరిచిన అరుపుకు, లోపల చీర బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్లు ఆవు ధరెంతో కనుక్కుందామని బయటికొచ్చారు.

“నీ ఆవులు పదిలమే సేటూ. నా గొర్ల నాలుకలు! నీలం రంగువడ్డయ్. మూతులు వాసినయ్, కుంటుతున్నయ్, మేత ముడుతలెవ్వు. రెండు పాయె. జర ఆ డాక్టర్ సారు నంబరియ్యి.”

నంబరిచ్చాడు. ఇచ్చాక ఆలోచన ఆగలేదు. ఆ గొర్రెలు ఉంటున్నది తన ప్లాటులోనే మరి.

ఏటా తొలకరికి సైదమ్మ అరవై గొర్రెలతో దిగుతుంది. ఒక్కో ప్లాటులో కొన్ని రాత్రులు మంద పెడుతుంది. గొర్రెలకు గడ్డి, ప్లాటు చెట్లకు ఎరువు. చలి పోగానే నల్లగొండ వైపు కోసిన మళ్ల మీదికి తోలుకుపోతుంది. మళ్లీ మబ్బు పడితేనే రాక. మూడేళ్లుగా ఆమె వస్తుంది, వెనకే ఈ రోగమూ వస్తుంది. ఇంకేం సాక్ష్యం కావాలి?

సాయంత్రానికల్లా ప్లాట్ల ఓనర్ల వాట్సాప్ గ్రూపులో సిద్ధిరాములు పోస్టు పెట్టాడు: “సైదమ్మ గొర్లు రోగం తెస్తున్నయ్. ఎవ్వలూ మంద పెట్టనియ్యొద్దు.” పది నిమిషాల్లో పన్నెండు బొటనవేళ్లు లేచాయి. సైదమ్మకు కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. వచ్చే ఆదివారం మీటింగులో పక్కా నిర్ణయం అన్నారు. ఈలోగా ఆమె మందను హైవే పక్క కాలువ గట్టున, లారీల హారన్ల మధ్య నిలబెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే డాక్టర్ జోగారావు వచ్చాడు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగం మీద వచ్చి, రిటైరై, చైతన్యపురిలో హాస్టళ్ల నడుమ స్థిరపడిన పశువుల డాక్టరు. గట్టున గొర్రెల నోళ్లు తెరిచి చూసి, సూదులు వేసి, నేరుగా సిద్ధిరాములు ప్లాటుకొచ్చాడు.

“నీలి నాలుక వ్యాధండీ. గొర్రెను గొర్రె తాకితే రాదిది. నుసి లాంటి చిన్న దోమ కుట్టాలి. మనుషులకు భయం లేదు.”

“మరి గా దోమలకు రోగమిచ్చింది సైదమ్మ గొర్లే కదా డాక్టర్ సాబ్?”

“గొర్రెలు వెళ్లేటప్పుడు బాగున్నాయి. వచ్చేటప్పుడూ బాగున్నాయి. ఇక్కడ రెండు నెలలున్నాక పడకేశాయి. అవి లేని ఎండాకాలమంతా రోగం ఎక్కడున్నట్టు? మన చైతన్యపురి హాస్టల్లో బెడ్డేమైనా తీసుకుందంటారా?”

సిద్ధిరాములు ఆ ప్రశ్నను చీర మడతలా పక్కకు నెట్టి, తన కొట్టం చూపించడానికి తీసుకెళ్లాడు. కొట్టం అంటే ఆయనకు గర్వం. నాలుగు ఆవులు, రెండు ఫ్యాన్లు, రెండు పెద్ద కూలర్లు.

“ఎండాకాలం రాత్రీ పగలూ నడుస్తయ్ సాబ్, ఇప్పుడు గూడ పగలు బందు వెట్ట. ఒక్క ఆవుకు చెమట పట్టనియ్య.”

“మా ఇంట్ల రెండో కూలర్ అడిగి ఆరేండ్లాయె డాక్టర్ సాబ్,” అంది వెంట వచ్చిన భార్య కౌసల్య. “ఈయన గుండెల్ల సోటు దొరకాల్నంటే నాలుగు కాళ్లుండాలె.”

జోగారావు నవ్వలేదు. కూలర్ కింద కారిన నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తూ కొట్టం వెనక్కి నడిచాడు. అక్కడ మోకాలెత్తు పేడకుప్ప. కూలర్ల నీళ్లన్నీ దాని కాళ్లు కడుగుతున్నాయి.

“ఎండాకాలంలో కూడా ఇది తడేనా?”

“ఎప్పుడు ఎండలే,” అన్నాడు సిద్ధిరాములు, కుప్పకు సర్టిఫికెట్ ఇస్తున్నట్టు.

డాక్టరు కారులోంచి ఖాళీ సీసా తెచ్చి, అందులో తడి పేడ నింపి, మూతికి పల్చటి గుడ్డ కట్టి పట్టుకుపోయాడు.

శనివారం ఇంటికి రమ్మని ఫోనొచ్చింది. తలుపు తీసింది డాక్టర్ భార్య హనుమాయమ్మ.

“రండి బాబూ, మీ సొత్తు పట్టుకుపోండి. ఆవకాయ పెట్టుకునే సీసాలో ఆవుపేడ పెట్టారీయన! వారం రోజులుగా ఫ్రిజ్ పక్కన కూర్చుంది. వచ్చినవాళ్లు ఏం పచ్చడండీ అని అడుగుతుంటే ఏం చెప్పమంటారు?”

సీసా గుడ్డ లోపలి వైపు మిరియపు పొడి చల్లినట్టు ఏదో అంటుకుని ఉంది. సిద్ధిరాములు దగ్గరగా వంగాడు. పొడి కదిలింది.

“ఇవే ఆ దోమలు. మీ పేడలో పుట్టాయి,” అన్నాడు జోగారావు. “ఊరంతా ఎండిపోయినప్పుడు ఇవి చావాలి. మీ దగ్గర వీటికి ఊటీ. అయితే దోమలుంటే సరిపోదు, రోగం కూడా ఉండాలి కదా. మే నెలలో పాలు తగ్గాయని మీరు నాచేత నాలుగు ఆవులకూ రక్తం తీయించారు, గుర్తుందా? మిగిలిన రక్తం ల్యాబులో మా శిష్యుడి దగ్గర భద్రంగా ఉంది. మొన్న పరీక్ష చేయించాను. రెండింటిలో ఈ వైరస్ దొరికింది.”

“మే నెలల సైదమ్మ గొర్లు ఈడ లెవ్వు కదా సాబ్!”

“నేనూ అదే అంటున్నానండీ.”

“మరి నా ఆవులకు ఏం కాలే కదా! నాలుకలు మంచిగనే ఉన్నయ్!”

“ఆవుకు ఎక్కువగా పైకి ఏమీ కనపడదు. వారాల తరబడి రక్తంలో మోస్తుంది. దోమ దాన్ని కుట్టి, పక్క ఆవును కుడుతుంది. అలా ఆవు నుంచి ఆవుకు మారుతూ ఎండాకాలం గడిపేస్తుంది. వాన పడగానే దోమలు పెరుగుతాయి, పాపం సైదమ్మ గొర్రెలు ఎదురొస్తాయి. రోగం ఆమె తేలేదండీ, మీరు సాకారు.”

సిద్ధిరాములు సోఫాలో కూలబడ్డాడు. గొర్రెలకు నీలి నాలుక, సైదమ్మకు నీలాపనింద. రెండోది తన నాలుక చేసిన పని. ఆ వారంలో గట్టు మీద ఇంకో గొర్రె పోయిందని ఆయనకు తెలుసు. హనుమాయమ్మ కాఫీ తెచ్చింది. ఆయన చల్లారేదాకా ముట్టలేదు.

ఆదివారం మీటింగు ఎల్బీనగర్‌లో ఒక హోటలు మేడ మీద. సైదమ్మ చివరి కుర్చీలో, కొంగు బిగించుకుని కూర్చుంది. సెక్రటరీ మధు గొంతు సవరించుకున్నాడు.

“అయితే మంద బంద్ చేసుడే కదా అందరికి మంజూరు?”

“ఆగు మధూ,” అని లేచాడు సిద్ధిరాములు. చీరల గుణాలు గంటసేపు వర్ణించగల నోరు అప్పుడు మాట కోసం తడుముకుంది. కూలర్లు చెప్పాడు, కుప్ప చెప్పాడు, సీసా చెప్పాడు, రక్తం చెప్పాడు. నవ్వినవాళ్లు నవ్వారు. ఆయన ఆపలేదు.

“తప్పు నాది. కూలర్లు నిన్ననే బందువెట్టిన. కుప్పను ఎండకు పరిపిచ్చిన. వచ్చే వానల కంటే ముందే సైదమ్మ గొర్లకు టీకాలేపిచ్చే పని నాది. ఎల్లుండి కెల్లి మంద నా ప్లాట్లనే పెట్టాలె.”

“ఊకో సేటూ,” అంది సైదమ్మ. “నీ దొడ్డి మంచిగ ఎండేదాక నీ దిక్కు రాను. మిగిలినోళ్లు చెప్పుండ్రి, ఎవలకు ఎరువు కావాలె?”

ఏడెనిమిది చేతులు లేచాయి. వాటిలో మధు చేయి అందరికంటే పైనుంది.

అప్పుడే మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చాడు ఇంకో ప్లాటు ఓనరు రామమోహనరావు. “సారీ అండీ, చంపాపేట్ దగ్గర ట్రాఫిక్. ఇంతకీ ఏమైంది? ఆవిణ్ణి పంపించేసినట్టేనా?”

హాలంతా సిద్ధిరాములు వైపు తిరిగింది. ఆయన కూర్చోబోయినవాడల్లా మళ్లీ లేచాడు.

“కూసోండ్రి సార్, మొదటికెల్లి చెప్త. రోగం గొర్లు తేలే. ఎండాకాలమంత నా ఆవుల ఒంట్లనే ఉండె...”

“జర గట్టిగ చెప్పు సేటూ,” అంది సైదమ్మ. “ఎన్క కూసున్నోళ్లకు ఇనొస్తలేదు.”