స్వీడన్‌కు పోవాల్సిన చెనిక్కాయ

పెనుకొండ నుంచి ధర్మవరం పోయే రోడ్డుకు ఆనుకొనే మా వదిన యల్లక్క చేను. చుట్టూ చేలన్నీ సోలార్ పలకలకు లీజుకు పోయినాయి. మిగిలింది ఆమెదొక్కటే. లీజులు మాట్లాడే చంద్రమోహన్ వచ్చినప్పుడల్లా ఆమె ఒకే మాట చెప్పేది.

"ఈ తూరి కాయ దేశం దాటితే మళ్లా ఇత్తనం ఏస్తా. దాటకపోతే చేను నీకే. అంతవరకు ఊరికే తిరిగి చెప్పులు అరగదీసుకోవద్దప్పా."

కాయంటే చెనిక్కాయ, వేరుశనగ. మా సంఘంలో మందులు కొట్టకుండా పండిస్తాము. రైతుకు న్యాయమైన ధర ఇచ్చి కొన్నదని ముద్ర వేసి, దాన్ని బయటి దేశాల్లో అమ్ముతారు. ఇక్కడి మండీకి తోలితే ఆ సేద్యం గిట్టదు.

పోయినేడు వానలు సరిగా లేక, సంఘమంతా కలిపినా కాయ ఒక్క కంటైనరుకే వచ్చింది. అడిగినోళ్లు ఇద్దరు. జర్మనీ ఆయన కొత్త, స్వీడన్ ఆయన పాత. ఎవరికి మాటివ్వాలో తేల్చేదానికి పెనుకొండలో మీటింగు పెట్టినారు.

సంఘం అమ్మకాలు చూసే జయచంద్ర హిందూపురం నుంచి వచ్చి, గోడ మీద బొమ్మ వేసి చూపించినాడు. ముద్ర ఉన్న తిండి సరుకులు ఏ దేశంలో ఏ ఏడు ఎంత అమ్ముడుపోయినాయో ఆ గీతలు చెప్తాయి. జర్మనీ గీత గుట్ట ఎక్కినట్టు పైకి పోయింది. ఇంగ్లాండుది ఎగుడుదిగుడు. స్వీడన్‌ది కొన్నేండ్లు బాగా ఎక్కి, ఆమీదట దిగుతా వచ్చింది.

"చూసినారు కదా. జర్మనీకే ఇద్దాము" అన్నాడు.

అట్లాంటి గీతలు మాకు కొత్త కాదు. ప్రతి ఏడూ మండలం వానల లెక్క అట్లనే గీసి చూపిస్తారు.

వదిన లేచింది. "జయచంద్రా, ఆ స్వీడన్ గీత ఎన్నేండ్ల నుంచి పడతాండాది?"

"మూడు నాలుగేండ్ల నుంచి."

"వరసగా అన్నేండ్లు ఎండినాక పదును వాన రాకుండా యాడికి పోతాదబ్బా? మనం ఇత్తనం ఏసేదే ఆ నమ్మకంతో కదా. జర్మనీ మాదిరి బాగా ఎక్కినోడే ఇంక దిగాల."

"అది వాన కాదు యల్లక్కా. ఖర్చులు పెరిగి ఆడ జనం చౌక సరుకుకు మళ్లినారు. మళ్లా వస్తారని ఎవరు చెప్తారు?"

"వాన వస్తాదని నీ ఫోను చెప్పిన రోజు ఎప్పుడన్నా తడిసినామా?"

అందరూ నవ్వినారు. సంఘం పెద్ద ఎర్రిస్వామి గడ్డం గోక్కుంటా, "ఆయమ్మ మాట సరే. కరువులో పాత బేరగాన్ని వదిలితే మంచి ఏట్లో వాడు మన మొగం చూడడు" అన్నాడు.

చేతులెత్తమంటే అన్నీ స్వీడన్ వైపే లేచినాయి. నాదీ లేచింది. ఎన్ని కరువులు చూసినా మళ్లా విత్తనం వేసిన చేతులు అవి.

సంఘం మూటలు వదిన పడసాలలోనే పేర్చినాము. పొద్దున్నే ఒక కాయ తీసి చెవి కాడ ఆడించేది. లోపల గింజ గలగలమంటే ఎండు చెడలేదని నిమ్మళం. ఉగాది పోయింది. వచ్చే నెల, వచ్చే నెల అంటా స్వీడన్ ఆయన జరుపుతా వచ్చినాడు.

ఒకనాడు జయచంద్ర ఫోను చేయకుండా తానే వచ్చినాడు. మూట మీద కూర్చున్నాడు.

"ఈ ఏడు వద్దన్నారు యల్లక్కా. ఆడ ఇంకా పడిపోయింది. పోయినేటి సరుకే అంగళ్లలో ఉండాదంట."

"ఆ జర్మనీ ఆయన?"

"ఎప్పుడో ఇంకో సంఘం కాడ తీసుకున్నాడు."

వదిన మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "నువ్వు చెప్పినావులే" అని మాత్రం అంది.

కాయ హిందూపురం నూనె మిల్లుకు పోయింది. ఆడ మందులు కొట్టిన కాయతో ఒకే కుప్పలో కలిసిపోయింది.

ధర్మవరంలో లీజు సంతకాలు అయినాక చంద్రమోహన్ కొలతలోళ్లను తీసుకొచ్చినాడు. అంతకుముందే మంచి వాన పడి ఉండాది. గట్లు చూపిస్తా ముందు నడిచే వదిన చేను నడిమి ఆగింది. కాలు పక్కకు తీసి పెట్టింది.

"ఏమక్కా, ఆగినావు?"

"ఏం లేదు. పీకేటప్పుడు మట్టిలో తెగిపోయిన కాయలు మొలిచి ఉండాయి."

"గొర్రెలోళ్లకు చెప్తే మేపుకుంటారు కదా."

"చెప్పు" అని, తూర్పు గట్టు ఎక్కడి నుంచి మొదలో చూపించేదానికి నడిచింది. టేపు పట్టుకున్నాయన ఆ మొలకల మీదే ఆమె వెనక పోయినాడు.