చలిమంట దగ్గర చోటు

తెల్లవారకముందే బిర్యానీ గిన్నెలు తోముతోంది లోవమ్మ. చలికాలం సఖీర్ ఎడారిలో గుడారాలు వేసుకోవడం బహ్రెయిన్ వాళ్ళ సరదా. బుసైతీన్ ఊరి నుంచి, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ కుటుంబమంతా దిగింది, వెనకే పనివాళ్ళిద్దరూ. సరదా వాళ్ళది, గిన్నెలు ఈవిడవి. ట్యాంకు నీళ్ళకి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

నిన్న ఫోనులో చలేస్తోందంటే మొగుడు జగ్గారావు నవ్వాడు. "ఎడార్లో చలేంటే? ఇంకో రెండేళ్ళుంటావని ఏజెంటుకి చెప్పేశాను. ఇక్కడ నీళ్ళు పిల్ల కాస్తందిలే." పిల్లంటే వీరవేణి, పదమూడేళ్ళది. పదిహేనేళ్ళు ఇంట్లో స్నానాల నీళ్ళ కాగు కింద మంట లోవమ్మే పెట్టింది. అందరి స్నానాలూ అయ్యాక ఆమెకి మిగిలేవి చల్లారిన అడుగు నీళ్ళు. ఓసారి స్వెట్టరు అడిగితే అత్తగారంది, "పొయ్యి దగ్గరుండేదానికి చలేంటే?" ఎక్కడున్నా లోవమ్మకి చలి వెయ్యకూడదు మరి.

వంటమనిషి నోయిది థాయిలాండులో ఓ పల్లెటూరు. రాత్రి మిగిలిన నిప్పులు ఎగదోసి, పుల్లలు వేసి, అన్నం ముద్దలు పుల్లకి గుచ్చి కాలుస్తోంది. రమ్మని చెయ్యూపింది. చలికాలం తమ ఊళ్ళో ఇంతేనట. ఇంటి ముందు మంటేసి, దుప్పట్లు కప్పుకుని అందరూ చుట్టూ కూర్చుంటారట. ఎండెక్కేదాకా ఎవరూ లేవరట. అదంతా వచ్చీరాని అరబ్బీలోనే చెప్పింది.

"కోడళ్ళు కూడానా?" అడిగింది లోవమ్మ.

నోయికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "కోడలికి చలెయ్యదా?" అంది.

లోవమ్మకి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. గిన్నె వదిలేసి మంట దగ్గర కూర్చుంది.

"లోవా, చాయ్. యల్లా, తొందరగా." గుడారంలోంచి మేడం పిలుపు. ఆలస్యమైతే ఫోను లాక్కుంటుంది. పోయినసారి నెల్లాళ్ళు ఇవ్వలేదు. పాస్‌పోర్టు ఎలాగూ ఆవిడ బీరువాలోనే ఉంది.

లోవమ్మ లేవలేదు. ఉన్నప్పుడే వాడుకోవాలని ఫోను తీసింది. పిల్లకి వేరే ఫోను లేదు. మాట రికార్డు చేసి ఏం పంపినా ముందు తండ్రే వింటాడు. విననీ, అనుకుంది.

మేడం మళ్ళీ పిలిచింది. లోవమ్మ ఒక చెయ్యి మంటకి చాపి, ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

"వీరా, రేపు నీళ్ళు కాగాక ముందు నువ్వు పోసుకో తల్లీ. మీ నాన్న తర్వాత పోసుకుంటాడు."