నాలుగో గడి

కుర్చీలోంచి లేవబోయి పెద్దక్క నేల మీద కూలిపోయింది. పద్దెనిమిదేళ్లు దరఖాస్తులు టైపు చేసిన మనిషిని నలుగురు కలిసి మోసుకుపోతుంటే, మేనేజరు గుమ్మంలో నిలబడి గడియారం చూసుకున్నాడు.

వారం తిరక్కుండా నోటీసొచ్చింది. నడుము పోవడానికి ఆవిడ కూర్చునే తీరే కారణమట. వైద్యం కంపెనీ చేయించదట, ఉద్యోగం కూడా ఊడినట్టేనట. సాక్ష్యం? ఆఫీసులో అరవైమందీ స్వహస్తాలతో నింపిన కాగితాలు!

పెద్దక్క పక్క సీట్లో టైపు చేసే పొడుగుపిల్లకి ఒళ్లు మండిపోయింది, ముందు తన మీదే. కిందటి నెల ఎవరో నిపుణుడొచ్చి ఆరోగ్యంగా ఎలా కూర్చోవాలో బొమ్మలు చూపించి, కాగితాలు పంచాడు. వంగి కూర్చోవడానికి కారణమేమిటి? అలవాటు, బద్ధకం, తెలియకపోవడం. మూడే గడులు. కుర్చీ విరిగిన వీపుకి తాడు కట్టుకుని, కుంగిన సీటు మీద కాగితాల కట్టలు పేర్చుకుని కూర్చునేవాళ్లకి నాలుగో గడి లేదు. "అలవాటు మీద టిక్కు కొట్టి పడేయండి, పనాగిపోతోంది" అని అందరికీ చెప్పింది పొడుగుపిల్లే. పెద్దక్క నవ్వుతూ కొట్టింది.

మర్నాడు భోజనాల గదిలో అందరూ చేరారు.

"వినతిపత్రం ఇద్దాం" అన్నాడు ఫైళ్లు మోసే బాబాయి.

"మూడిచ్చాంగా బాబాయ్! వాటి నకళ్లు పెద్దక్క సీటు మీదే ఉన్నాయి, ఎత్తు కోసం" అంది పొడుగుపిల్ల.

"మరేం చేద్దామంటావే?"

"మేనేజర్ని కూర్చోబెడదాం."

మరుసటి పొద్దున తొమ్మిదింటికి మేనేజరు గదిలో మెత్తటి కుర్చీ లేదు. పెద్దక్క కుర్చీ ఉంది. పక్కనే ఆవిడ వంతు దరఖాస్తులు ఉన్నాయి. గుమ్మం నిండా మిగతా అందరూ ఉన్నారు.

"ఏంటీ రౌడీయిజం?"

"పనే సార్. ఒక్క షిఫ్టు."

దారి లేక కూర్చున్న మేనేజరు పదకొండింటికి ఎడమకి ఒరిగాడు. రెండింటికి నడుం పట్టుకున్నాడు. "నిటారుగా కూర్చోండి సార్, బొమ్మలో చూపించారుగా!" అని అరిచాడు వినతిపత్రం ఇద్దామన్న బాబాయే. పొడుగుపిల్లకి జాలి వేయలేదు. వేయనందుకు సిగ్గూ పడలేదు.

అయిదింటికి ఆయన ముందు ఆ మూడు గడుల కాగితమే పెట్టింది.

"ఎందుకు వంగారో రాయండి. అలవాటా?"

"ఒక్కరోజుకే అలవాటేంటి! ఈ దిక్కుమాలిన కుర్చీ..." అని నాలిక కరుచుకున్నాడు.

"ఆ మాటే రాయండి."

"దానికి గడి లేదు."

"గీయండి."

గీశాడు. 'కుర్చీ' అని రాసి సంతకం పెట్టాడు. పోలీసులొచ్చేసరికి ఆ కాగితం అరవై నకళ్లయింది, అసలు కాగితం పెద్దక్క మంచం చేరింది.

పొడుగుపిల్లని ఒక్కదాన్నే జీపెక్కించారు. మిగతావాళ్లు తమ కుర్చీలన్నీ మోసుకొచ్చి రోడ్డు మీద పడేశారు. జీపు కదలడానికి చాలాసేపు పట్టింది.

స్టేషన్లో వాంగ్మూలం రాసే రైటరు ఆమె చేతిలోని నకలు తీసుకుని రెండుసార్లు చదివాడు. వంగి, తన కుర్చీ విరిగిన కాలి కింద ఇటుకని సరిచేసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు గది వైపోసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఇంకో నకలుందా అమ్మా? మేం పద్నాలుగుమందిమి."