నా వంతు మంచి మాట

నేను కూరగిన్నె తీసుకొచ్చేలోపు మంచి మాటలు అయిపోతాయి. ఏడు నెలలుగా మా ఇంట్లో ఇదే వరస. మా ఆయన గుండెకి స్టెంట్ వేసిన డాక్టరు ఇంటికి పంపేటప్పుడు ఒక మాటన్నాడు: "మందులు ఎంత ముఖ్యమో మనసూ అంతే. రేపటి మీద ఆశ ఉన్నవాళ్ళ గుండె పదికాలాలు పనిచేస్తుంది. ఈయన్ని సంతోషంగా ఉంచండి." ఆ చివరి మాట నావైపు చూసి అన్నాడు. ఇంటికి రాగానే ఆయన నియమం పెట్టారు, రాత్రి భోజనాల దగ్గర తలా ఒక మంచి మాట చెప్పాలని. ముందు ఆయన, తర్వాత అత్తయ్య, ఆ తర్వాత అమ్మాయి. నా వంతు ఆఖరిది. అప్పటికి నేను మారు వడ్డించడానికి వంటింట్లో ఉంటాను. తిరిగొచ్చేసరికి వాళ్ళు చేతులు కడుక్కుంటుంటారు. మొదట్లో రోజంతా వెతికి ఒక మాట దాచుకునేదాన్ని, పాలు పొంగిపోలేదనో, బస్సులో సీటు దొరికిందనో. ఇప్పుడు వెతకడం మానేశాను. అడిగినవాళ్ళు లేరు.

చెడ్డ మాటలు మాత్రం నన్ను వెతుక్కుంటూ వస్తాయి. గిన్నెలు తోముతుంటే సింకు పక్కన నిలబడి ఒక్కొక్కరే చెప్పి వెళ్తారు. అమ్మాయి పరీక్ష తప్పింది. "నాన్నకి చెప్పకమ్మా, ఆయన గుండెకి మంచిది కాదు." అత్తయ్యకి ఒక కన్ను మసకబారింది. "వాడితో అనకు, తట్టుకోలేడు." ఆఫీసులో ఆయన కుర్చీ ఇంకొకరికి ఇచ్చేశారని ఆయన స్నేహితుడు నాకే ఫోన్ చేశాడు. "మీరు గట్టివారు వదినా" అన్నాడు. ఎప్పుడు, ఎవరు నొక్కి చూశారో నాకు తెలియదు. వింటాను, తలూపుతాను, గిన్నె కడిగి బోర్లిస్తాను. ఏడుపు రాదు. కోపమూ రాదు. ఇంతకుముందు రెండూ వచ్చేవి.

"కాస్త నవ్వుతూ ఉండొచ్చుగా, నీ మొహం చూస్తే నాకు బీపీ పెరుగుతోంది" అన్నారు ఆయన ఒకరోజు. అద్దం ముందు రెండు పూటలు సాధన చేశాను. "పన్ను నొప్పా?" అని అత్తయ్య అడిగింది.

ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో నా ఉద్యోగం. తడిసిన దుప్పట్లని మిషన్లోంచి లాగి, మూటకట్టి, బల్ల మీదకి ఎత్తాలి. నెల రోజులుగా మూడో మూట ఎత్తేసరికి ఎడమ భుజం లాగుతోంది, ఊపిరి అందడం లేదు. వయసనుకున్నాను. పోయిన వారం లాండ్రీలో అందరికీ ఆరోగ్య పరీక్షలు చేయించారు. ఇవాళ మధ్యాహ్నం డాక్టరమ్మ నన్నొక్కదాన్నే పిలిపించింది.

"నొప్పి ఎన్నాళ్ళనుంచి?"

"నెల."

"ఇంట్లో చెప్పారా?"

"ఇంట్లో గుండెజబ్బు మనిషి ఉన్నారండీ. చెడ్డ మాటలు చెప్పకూడదు."

ఆవిడ కలం కింద పెట్టింది. "మీ గుండెకి రక్తం సరిగా అందడం లేదు. ఎటాక్ రాకముందే తెలిసింది, అది మంచి మాటే. వచ్చాక తెలిసేవాళ్ళే ఎక్కువ. రేపు తొమ్మిదింటికి ఆస్పత్రిలో చేరండి. వాయిదా వెయ్యొద్దు."

భయం వేయాల్సిన చోట నాకేమీ అనిపించలేదు. రేపటి కూరగాయలు తరగలేదని గుర్తొచ్చింది. బస్సులో ఆవిడ రాసిచ్చిన కాగితం నాలుగు మడతలు పెట్టి బ్యాగులో అడుక్కి తోశాను. వాయిదా వేస్తాననే అనుకున్నాను. అమ్మాయి పరీక్ష మళ్ళీ రాయాలి, అత్తయ్య కంటికి ఆపరేషను చేయించాలి, ఆ తర్వాత చూసుకోవచ్చు.

రాత్రి అన్నాలు వడ్డించి కూరగిన్నె కోసం వెనక్కి తిరిగాను. వెనకాల ఆయన గొంతు మొదలైంది, "ఇవాళ నా మంచి మాట ఏంటంటే..." గిన్నె ఎత్తబోతే భుజం లాగింది. మూట కూడా కాదు, కూరగిన్నె. రెండు చేతులా పట్టుకుని తెచ్చి బల్ల మధ్యలో పెట్టి, నేనూ కంచం పెట్టుకుని కూర్చున్నాను.

"అదేంటి, కూర్చున్నావ్?" అన్నారు ఆయన.

"ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకోండి. ఇవాళ నా మంచి మాట ముందు."

ఆయన మొహం విప్పారింది. "శుభం. చెప్పు, చెప్పు."

"నా గుండెజబ్బు ఎటాక్ రాకముందే బయటపడింది. రేపు తొమ్మిదింటికి ఆస్పత్రిలో చేరుతున్నాను."

అప్పుడు వేసింది భయం, నెల రోజుల్లో మొదటిసారి. బతకాలని ఉంటేనే భయం వేస్తుంది కాబోలు. అమ్మాయి చేతిలో ముద్ద ఆగిపోయింది. అత్తయ్య మసక కన్ను చికిలించి నా వైపే చూస్తోంది. ఆయన చెయ్యి తన ఛాతీ మీదకి వెళ్ళింది. అలవాటుకొద్దీ సగం లేచాను. మళ్ళీ కూర్చున్నాను.

"మాత్ర మీ చొక్కా జేబులోనే ఉంది" అన్నాను. అన్నం ఇంకా వేడిగా ఉంది. ఒక ముద్ద తిన్నాను.

"ఇప్పుడు మీ వంతు."