దియొలిండా సంతకం

ఒనొరాతో అనే పెద్దాయన సరుకుల దుకాణం ముందు బల్ల వేసుకుని కూర్చోవడం అది అయిదో శనివారం. నలభై ఏళ్లు ఆవుల మధ్య బతికిన మనిషి. వచ్చినవాళ్ల ముందుకు సంతకాల కాగితం తోస్తాడు, అంతే. మాటలన్నీ పక్కన చక్రాల కుర్చీలో ఉన్న రొషెల్‌వి. కారు ప్రమాదంలో నడుం విరిగిన పిల్ల.

"మాలాంటివాళ్లకి మందు దొరకొచ్చంటున్న మూలకణాల పరిశోధనకి మన రాష్ట్రం డబ్బివ్వాలా వద్దా అన్నది నవంబర్లో మనమే ఓటేసి తేల్చాలండీ. అది ఓటుదాకా రావాలంటే ముందు ఈ సంతకాలు కావాలి."

ఆ రోజు ఆయన భార్య దియొలిండా కూడా వచ్చింది. ఆమెకు చేతులు వణికే పార్కిన్సన్ జబ్బు పట్టుకుని ఆరేళ్లు. ఆమె కలం అందుకోబోతుంటే ఆమె అన్న ఇలీదియో సరుకుల బండి తోసుకుంటూ వచ్చి ఆగాడు.

"ఏం బావా, పాలమ్మడం మానేసి పాపం అమ్ముతున్నావా? పిండాల్ని చిదిపే పని అని చర్చిలో ఫాదర్ అంత గట్టిగా చెప్పలా?"

ఒనొరాతో తల దించుకున్నాడు. దియొలిండాయే అంది: "చెప్పాడన్నా. విన్నాను. విన్నాక నెల్లాళ్లు జపమాల తిప్పుతూ ఆలోచించాను కూడా. దేవుడితో నేను తేల్చుకుంటాలే. నీ చేపలు ఎండకి కంపు కొడతాయి, పద."

ఇలీదియో గొణుక్కుంటూ, చెల్లెలి తల ఒకసారి నిమిరి వెళ్లాడు.

దియొలిండా సంతకం పెట్టింది. పెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. చీమలబారులాంటి గీత ఒకటి పడింది. రొషెల్ దాన్ని చూసి పెదవి కొరుక్కుంది.

"అమ్మా, ఓటరుగా చేరినప్పుడు పెట్టిన సంతకంతో కౌంటీ ఎన్నికల ఆఫీసువాళ్లు దీన్ని పోల్చి చూస్తారు. కలవకపోతే కొట్టేస్తారు."

అప్పటి సంతకం ఒనొరాతోకి కళ్లకు కట్టినట్టుంది. తాడు విసిరినట్టు ఇంతింత సున్నాలు చుట్టేది.

"నేను పెడతా. నాకొచ్చు," అన్నాడు.

"అమ్మో, వద్దు పెద్దాయనా! నేరం. దారి ఇంకోటుంది. ఇవాళే కొత్తగా ఓటరు నమోదు కార్డు నింపి పంపితే ఇక నుంచి ఈ సంతకమే అమ్మ సంతకం. కార్డు మీద పెట్టాక, ఈ కాగితం మీద మొదటిది కొట్టేసి ఇంకోసారి పెడితే చెల్లుతుంది."

రొషెల్ సంచిలోంచి కార్డు తీసింది. ఒనొరాతో దాని మీద చెయ్యి వేసి కదలనివ్వలేదు.

"వద్దే. పాతదే ఉండనీ. మందొచ్చాక నీ చెయ్యి నీకొస్తుంది. అప్పుడు పెడుదువు."

దియొలిండా ఆయన వంక తిరిగింది.

"మందు నేనుండగా వస్తుందని నీకెవరు చెప్పారయ్యా? పదేళ్లో, ఇరవయ్యేళ్లో. నాకూ ఆశే, లేదనను. కానీ ఆ చెయ్యి వెళ్లిపోయింది. ఉన్నది ఇదే. ఇది లెక్కలోకి రావద్దూ?"

ఆయన చెయ్యి తీశాడు. కలం తీసుకుని ఆమె పేరు, వీధి, పుట్టిన తేదీ ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాడు. సాయం చేసినవాడి గడిలో తన పేరు పెట్టాడు. తర్వాత కార్డు జరక్కుండా రెండు అంచులూ బొటనవేళ్లతో అదిమి పట్టుకున్నాడు. ఆమె చేతిని మాత్రం పట్టుకోలేదు.

వెనక పాలడబ్బాతో ఒకావిడ వచ్చి నిలబడింది. ఎవరూ తొందర పెట్టలేదు. దియొలిండా నాలిక పంటికింద పెట్టుకుని కార్డు మీద సంతకం పెట్టింది, ఊపిరి తీసుకుంది, కాగితం మీద మళ్లీ పెట్టింది.

రొషెల్ రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. "కలిశాయి."

ఒనొరాతో కళ్లద్దాలు తుడుచుకుని వంగాడు. ఆ సన్నటి గీతల్లో ముందు ఏమీ కనబడలేదు. చూడగా చూడగా, చివర ఆమె ఎప్పుడూ పైకి లాగే తోక ఉంది, ఆవగింజంత.

"నీదే," అన్నాడు.

"మరి పొరుగామెదా? జరుగు, వెనకావిడ నిలబడింది."